మందు మీద మట్టి

నాకు సాలీడంటే భయం. పాము కనబడితే పక్కకు తప్పుకుంటాను, తేలైతే చెప్పు తీస్తాను. సాలీడు ఎనిమిది కాళ్లూ చాపుకుని గోడ మీద కదలకుండా కూర్చుంటే మాత్రం నాకు కాళ్లూ చేతులూ ఆడవు. నలభై దాటినదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. సిగ్గుపడి ఊరుకుంటే సరిపోయేదైతే ఇదంతా రాసేదాన్ని కాదు. నా భయం పోయి పోయి ఒక ఇంటి మీద పడింది.

అరకు దాటి ఇంకా పైకి, జీపు దిగాక గంట నడక ఉన్న ఊరి బడికి నన్ను వేశారు. ముప్పై గడపల ఊరు, ఒకే టీచరు బడి. నాది విజయనగరం వైపు మైదానం. రోజూ ఎక్కి దిగడం నావల్ల కాక బడి ఎదురుగానే ఒక ఇంటి ముందుగదిలో దిగాను. ఆ ఇంటామె నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. భర్త పోయాడు. కొండవాలున కాస్త కాఫీ, కొర్రలు, చోళ్లు పండించుకునేది. నేను అక్కా అనేదాన్ని, ఆమె టీచరమ్మా అనేది. ఒక్కగానొక్క కూతురికి అంతకుముందు ఏడాదే పెళ్లి చేసి రెండు కొండల అవతలి ఊరికి పంపింది.

ఆమె గోడలు చూసి తీరాల్సిందే. ఎర్రమట్టిలో పేడ కలిపి అరచేత్తో మెత్తేది. తడి పూర్తిగా ఆరకముందే మళ్లీ చేత్తో పామి నున్నగా తీసేది. కింద మూరెడు ఎత్తున నల్లమట్టి పట్టీ. ఊళ్లో ఆడవాళ్లు ఒకరి గోడలకు ఒకరు మార్కులు వేసుకునేవాళ్లు. ఫస్టు ఎప్పుడూ మా ఇంటామెదే. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉండేది.

అంత నున్నటి గోడ మీదకూ పెంకుల సందుల్లోంచి సాలీళ్లు దిగేవి. నేను చేయని వైద్యం లేదు. నిమ్మతొక్కలు మూలమూలనా పెట్టాను. కర్పూరం నీళ్లు చల్లాను. ఫోన్లో వీడియో చూసి పుదీనా నూనె తెప్పించాను. వేపాకు పొగ వేస్తే నేనే దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాను, సాలీళ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి నవ్వేది.

"దాన్నేటి సేత్తావు టీచరమ్మా? దోమల్ని తినీసి బతుకుతాది. నీ జోలికి రాదు."

"నా జోలికి రాకపోయినా సరే అక్కా, నా కళ్లకు కనబడకూడదు."

ఆ శ్రావణంలో వానలు కాస్త తెరిపిచ్చినప్పుడు మలేరియా మందు కొట్టేవాళ్లు ఊళ్లోకి వచ్చారు. వాళ్ల పెద్ద నన్ను బడిలోంచి పిలిచి చెప్పాడు. "మేడమ్, దోమ మనిషిని కుట్టి పోయి గోడ మీద వాలుతుంది. అక్కడ మందు తగిలి చస్తుంది. మీద మట్టి అలికేశారంటే మందు కప్పబడిపోతుంది, కొట్టినా ఒకటే కొట్టకపోయినా ఒకటే. మూడు నెలలు అలకొద్దని మీరు చెప్పండి. మీ మాటైతే వింటారు."

చెప్పాను. ఆడవాళ్లందరినీ బడి అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లలకు చెప్పినట్టే చెప్పి, తిరిగి చెప్పించుకున్నాను. "మూడు నెలలు మట్టి ముట్టుకోం" అన్నారు అందరూ. మా ఇంటామె అందరికంటే గట్టిగా అంది. ఆ పూట నా మీద నాకే గౌరవం కలిగింది.

నా గౌరవం మూడు రోజులకు మించి నిలవలేదు. గది నిండా మందు వాసన. ఎర్రటి గోడ మీద తెల్లటి చారలు. వాటి సంగతి సరే, మందు తగిలిన సాలీళ్లు దాక్కున్న చోట్ల నుంచి బయటికొచ్చి పడటం మొదలుపెట్టాయి. బియ్యం డబ్బా మూత మీద ఒకటి. తువ్వాలులో ఒకటి. నా దోమతెర పైన ఒకటి పడి, నా ముఖానికి జానెడు ఎత్తున కాళ్లు ముడుచుకుంది. పొద్దున్నే ఆమె ముందు కూర్చుని ఏకరువు పెట్టాను. "ఈ వాసనేంటక్కా, ఈ మరకలేంటి? ఈ గదిలో ఉండలేకపోతున్నాను."

అలకమని నేను అనలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ ఆమె సంగతి నాకు తెలుసు. కూరలో ఉప్పు తగ్గిందంటే కూర మొత్తం మళ్లీ వండి తెచ్చే మనిషి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నా గది నాలుగు గోడలూ అలికి ఉన్నాయి. మరకలు లేవు, వాసన లేదు, చచ్చిన సాలీళ్లను ఏరి పారేసింది కూడా. ఆమె మోచేతుల దాకా ఎర్రమట్టితో నిలబడి నా ముఖం చూస్తోంది.

"ఎంత బాగుందక్కా" అన్నాను.

ఊరికంతా శ్రీరంగనీతులు చెప్పినదాన్ని నేనే. ఒక్క గదికి ఏమవుతుందిలే అనుకున్నాను. నాకు దోమతెర ఉంది కదా అని కూడా అనుకున్నాను.

పది రోజుల తర్వాత కూతురు తొలికాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. బడి ఎదురుగా అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లలు ఎక్కాలు చదువుతుంటే తనూ గొంతు కలిపేది. పదమూడో ఎక్కం దగ్గర పిల్లలతో పాటే తప్పేది, తప్పినందుకు కడుపు పట్టుకుని నవ్వేది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన దోమతెర అత్తవారింట్లోనే వదిలేసి వచ్చింది. లోపలింట్లో ఉన్న ఒక్క తెరకూ చిరుగులే. అప్పుడది నా కంటికి ఆనలేదు.

కొర్రకొత్త పండగ దగ్గరపడింది. కొత్త కొర్రలు వండి దేవుడికి పెట్టందే ఇంట్లో ఎవరూ తినరు. అలకని ఇంట్లో కొత్త వండరు. ఊళ్లో వాళ్లు ఆ ఏడాదికి వాకిళ్లూ అరుగులూ అలికి సరిపెట్టుకుందామని మాట్లాడుకుంటున్నారు. మా ఇంటామె తట్టతో ఎర్రమట్టి తెచ్చి, నేను బడికి బయల్దేరుతుంటే ఆపింది.

"టీచరమ్మా, పండగొచ్చీసింది. నా గుంట కూడా కడుపుతో ఇంటికొచ్చింది. లోపలిల్లు కూడా అలికీమంటావా? నువ్వు ఒద్దన్నావు గదా మరి, అందుకే అడుగుతున్నాను."

వద్దక్కా అనాలి. ఆ ఒక్క మాట చాలు. కానీ నా వెనకే నా గది నున్నగా మెరుస్తోంది. ఏ మొహం పెట్టుకుని వద్దనేది? నాకో న్యాయం నీకో న్యాయమా అని ఆమె అడగదు, నాకు తెలుసు. అయినా సంచి భుజాన వేసుకున్నాను.

"మీ ఇష్టం అక్కా" అని బడికి వెళ్లిపోయాను.

టీచర్లకు ఇది బాగా అలవాటైన మాట. నింద మన మీద పడకూడదనుకున్నప్పుడు అంటాం. ఆమె దాన్ని అనుమతి కిందే తీసుకుంది. మందు కొట్టిన గోడలన్నీ, కూతురు పడుకునే పొయ్యి పక్క గోడతో సహా, రెండు రోజుల్లో అలికేసింది.

పండగైన మూడో వారంలో ఆ పిల్లకు చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకునేవి. ఆరోగ్య కార్యకర్త వచ్చి వేలి రక్తం తీసి చూసి నా వైపు తిరిగింది. మలేరియా, అదీ ముదిరే రకం, కడుపుతో ఉన్న మనిషికి ఇక్కడ లాభం లేదంది. మోసుకుని జీపు దాకా దించారు. అరకు ఆసుపత్రి నుంచి ఘాట్ రోడ్డు కిందికి, పెద్దాసుపత్రికి పంపారు. దారిలోనే కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం తల్లి కూడా పోయింది.

ఆ జ్వరం గోడ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేదు. వాగు దగ్గర కుట్టి ఉండొచ్చు. అత్తవారి ఊళ్లోనే కుట్టి ఉండొచ్చు. ఇలా నా తరఫున నేనే వాదించుకుంటాను, ఎప్పుడూ ఓడిపోతాను. ఆ ఏడాది ఊళ్లో జ్వరం పడ్డ ఇళ్లు ఇంకా ఉన్నాయి కానీ, మనిషి పోయింది ఆ ఒక్క ఇంట్లోనే. మందు మీద మట్టి వేసిందీ ఆ ఒక్క ఇల్లే. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరాను. అలా నిమరడానికి నా చెయ్యి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మరుసటి ఏడు తొలకరికి ముందు మందు కొట్టేవాళ్లు మళ్లీ వచ్చారు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కొట్టించినాం గదా పోయినేడు. ఏటయ్యింది? నా గుంట సచ్చిపోనాది. మీ మందు నేదు, మీరూ నేదు, బేగి ఎల్లిపోండి."

ఆమె మాట విని పక్కింటివాళ్లూ తలుపులు వేసుకున్నారు. వరసలో ఒక్కో తలుపూ మూసుకుపోతోంది. వాళ్ల పెద్ద మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. "మీరు చెప్పండి మేడమ్, మీ మాట వింటారు."

ఊరుకుంటే నా తప్పు నాలోనే ఉండిపోతుంది, ఊళ్లో ముప్పై ఇళ్లకూ మందు ఉండదు. ఊళ్లో ఇంకో ఇద్దరు కడుపుతో ఉన్నారు. ఆమె దగ్గరికి వెళ్లి చెప్పాను. మందు మంచిదే అక్కా, మీద మట్టి పడింది, అందుకే పనిచేయలేదు అన్నాను.

ఆమె గుమ్మానికి అడ్డం పెట్టిన చేతులు దించింది. తర్వాత తన అరచేతులు చూసుకుంది.

"అయితే ఈ సేతుల్తో నానే సంపుకున్నానా?"

"కాదక్కా, నీది కాదు. నావల్ల. నా గది గురించి గొడవ చేసింది నేను. నువ్వు అడిగినప్పుడు వద్దనకుండా పోయింది నేను."

"నువ్వు మా ఇట్టం అన్నావు గదా టీచరమ్మా. నానే ఇట్టపడి అలికినాను."

నన్ను తిట్టమని ఆమె ముందు ఏడ్చాను. ఆమె తిట్టలేదు. గుమ్మం లోంచి పక్కకు తప్పుకుని, మందువాళ్లను లోపలికి రమ్మంది. ఆమెను చూసి మిగతా తలుపులూ తెరుచుకున్నాయి. ఊరంతటికీ మందు పడింది. దాంతో నాకు రావలసిన మనశ్శాంతి ఏదీ రాలేదు.

కొర్రకొత్త మళ్లీ వచ్చింది. ఈసారి మూడు నెలలు దాటిపోయాయి కనక ఊళ్లో అందరూ గోడలు అలుక్కున్నారు. ఆమె ఇల్లు మాత్రం తెల్లటి చారలతోనే ఉంది, పొయ్యి పక్కన మట్టి పెచ్చులుగా రాలుతోంది. పక్కింట్లో నేర్చుకుంటున్న ఆడపిల్లలు అలికిన వంకరటింకర గోడ కూడా దానికంటే నయంగా ఉంది. నేనే వెళ్లి చెప్పాను, ఇప్పుడు అలకొచ్చక్కా, గడువైపోయింది అని.

"ఒద్దు టీచరమ్మా. లోపలింట్లో మట్టి ఇంక ముట్టను" అంది. మళ్లీ నా వైపు తిరిగింది. "నీ గది కావాలంటే అలుకుతాను. నీకు మరకలంటే పడవు గదా."

దెప్పుతోందేమోనని ముఖంలోకి చూశాను. దెప్పడం కాదు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను, ఆమె అప్పటికే కొంగు బిగించి పేడ కోసం వెళ్లిపోయింది.