కొత్త కండ్లడబ్బా, పాకం వేళ్లు

నాకు కోపం జల్ది వస్తది. గది మా ఇంటోళ్లకు తెలుసు, నా దగ్గర వైద్యానికొచ్చేటోళ్లకు ఇంకా ఎక్కువ తెలుసు. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్ల, ఒక మందుల దుకాణం ఎనక రెండు అర్రలు కిరాయికి తీసుకొని పదహారేండ్ల నుంచి ఫిజియోథెరపీ చేస్తున్న. భుజం పట్టేసినోళ్లు, మోకాళ్లు మార్పించుకున్నోళ్లు, పక్షవాతమొచ్చి చెయ్యో కాలో పడిపోయినోళ్లు వస్తరు. నేను డాక్టరును కానని ఎంత చెప్పినా డాక్టరమ్మా అనే పిలుస్తరు.

నా దగ్గర ఒక వీఆర్ హెడ్‌సెట్ ఉన్నది. నాలుగేండ్ల కింద సెకండ్ హ్యాండ్‌ల కొన్న. కండ్లకు అడ్డంగ కట్టుకుంటే ఉన్న అర్ర మాయమై వేరే లోకం కనవడ్తది. చేతులల్ల రెండు రిమోట్లు పట్టుకొని ఆ లోకంల గాలిబుగ్గలు పట్టుడు, డబ్బాలు పేర్చుడు చెయ్యొచ్చు. ఒట్టిగ "చెయ్యి లేపు, దించు" అంటే మనిషికి పదిసార్లకే ఇసుగొస్తది. గదే ఒక బుగ్గను దొరకవట్టాలంటే వందసార్లు లేపుతరు. మా దగ్గరికొచ్చేటోళ్లు దాన్ని కండ్లడబ్బా అంటరు. నేను గూడ గదే అనవట్టిన.

పాతది కదా, దాని రోగాలు దానికున్నయి. బొమ్మ దోమతెరల నుంచి చూసినట్టు గీతలు గీతలుగ కనవడ్తది. బరువంత ముందటి దిక్కే ఉండేసరికి మెడ వంగుతది. కండ్లద్దాలున్నోళ్లకు పట్టదు. ఎండకాలంల లోపల చెమట పట్టి మసకైతది. గంటన్నరకే చార్జింగ్ అయిపోతది. అయినా తిట్టుకుంటనే నడిపిన.

కిందటేడు చలికాలంల బోధన్ నుంచి ఒకాయనను ఆయన భార్య బస్సుల తోల్కొచ్చింది. యాభై ఎనిమిదేండ్లుంటయి. చక్కెర ఫ్యాక్టరీల పాన్‌ల కాడ పనిచేసిన మనిషి. పాన్ అంటే చెరుకు పాకం మరిగి చక్కెర పలుకు కట్టే పెద్ద కాగు. బోధన్ల ఫ్యాక్టరీ మూతవడ్డంక సీజన్ సీజన్‌కు మహారాష్ట్ర దిక్కు పోయి గదే పని చేసి వచ్చేటోడు. అక్కడ పని మీద ఉండంగనే కుడిపక్క పడిపోయింది. కాలు కొంత మర్లొచ్చింది, కర్ర పట్టుకొని నడుస్తుండె. మాట జర ముద్దగ వచ్చినా సమజైతుండె. చెయ్యి మాత్రం రాలే. వారం తిరుగకముందే ఆయన నాకు అన్న అయిండు, ఆమె వదిన అయింది.

మొదటి రోజే అడిగిన, "అన్నా, చెయ్యి వస్తే ముందుగాల ఏం చెయ్యాల్నని ఉన్నది?" అని. సంతకం అంటడేమో, బండి నడుపుడు అంటడేమో అనుకున్న. ఆయన భార్య దిక్కు చూడకుంట అన్నడు, "అన్నం తినాలె. నా చేతితోని."

మిగతాది వదిన నన్ను బయటికి తీస్కపోయి చెప్పింది. ఎడమ చేత్తో ముద్ద ముట్టడట. చెంచా ఇస్తే పళ్లెం దొబ్బేస్తడట. ఆమె తినవెడ్తె తింటడు గని, తలుపు పెట్టించి, ఎవ్వలూ లేకుంట చూసుకొని, నాలుగు ముద్దలు మింగి చాలంటడు. ఇంటికి చుట్టాలొస్తే ఆ పూట తిండే లేదు. "ఆకలైతది డాక్టరమ్మా, నాకు తెల్వదా. గని నోరు తెర్వడు," అన్నది. మనిషి సగమైండు, అంగీ భుజాల మీద వేలాడుతుండె. మొదటి ఆర్నెల్లల్ల వచ్చిందే వచ్చుడు, అటెన్కల అంతా నిమ్మళంగనే అని పెద్ద దవాఖానల చెప్పిండ్రట. అప్పటికే మూడు నెలలు అయిపోయినయి.

కండ్లడబ్బా పెట్టిన. చెయ్యి ముడువరాదు గనుక రిమోట్‌ను మణికట్టుకు కట్టి, బుగ్గను పట్టుకో అన్న. రెండు వారాలు చేసినా ఆయన మనసు పెడ్తలేడు. "ఏం కనవడ్తలేదమ్మా, మంచు పట్టినట్టున్నది," అంటడు. ఇంకో తక్లీఫ్ ఏందంటే, నేను పిడికిలి మొత్తం ముడువు అంటే ఆయన బొటనవేలును చూపుడువేలును కలిపి సన్నగ రుద్దుతుండె. కదలిక వచ్చింది గా రెండు వేళ్లల్లనే, అదీ గింతంత. నాకు గది అడ్డమైన అలవాటు అనిపించింది. పిడికిలి రాకముందు గీ రుద్దుడేందని బొటనవేలును పక్కకు పట్టి పట్టీ కట్టిన. పట్టీ విప్పంగనే మల్ల రుద్దుతడు. "అన్నా, రుద్దకు," అని రోజుకు ఇరవైసార్లు అనేదాన్ని. ఆయన తల ఊపుకుంట రుద్దేటోడు.

ఇగ తప్పు డబ్బాదే అని తీర్మానం చేసిన. పెద్ద రకం హెడ్‌సెట్ల గురించి ఫోన్ల చూసుడు మొదలువెట్టిన. అన్నం కాడ అదే, పొయ్యి కాడ అదే. మా ఆయన సర్కారు బళ్లె లెక్కల సారు. చూసి చూసి ఒక కాయితం మీద నడుమ గీత కొట్టి ఇచ్చిండు. "లాభం ఇటు, నష్టం అటు రాయి. రాస్తే గని నీ తలకాయ ఒక కాడ నిలవడది," అన్నడు. కోపమొచ్చింది గని రాసిన.

లాభం దిక్కు జల్దిన నిండింది. బొమ్మ అద్దం లెక్క తేటగుంటది. రిమోట్ అక్కరలేకుంటనే ఉత్త చేతులను, ఒక్కొక్క వేలును గుర్తువడ్తది. చెయ్యి ముడువరానోళ్లకు గంతకంటె ఏం కావాలె. నష్టం దిక్కు రాయబుద్ధి కాలే గని రాయక తప్పలే. దానికి జబర్దస్త్ కంప్యూటర్ కావాలె. ఆ కంప్యూటరుకు చల్లదనం కావాలె, నా అర్రలల్ల ఫ్యాన్లే ఉన్నయి. పసుపు సీజన్ వచ్చిందంటె మా దిక్కు గాలినిండ పసుపు దుమ్మే, గది మిషిన్ల జొరవడ్తది. కంప్యూటర్ నుంచి తలకాయ దాకా వైరు ఉంటది, కర్రతోని నడిచేటోళ్లు గా వైరు తట్టుకొని పడితె నా పని బంద్. చెడిపోతె హైదరాబాద్ తీస్కపోవాలె. రెండో అర్రకు ఏసీ అని జమ చేసిన పైసలన్నీ దీనికే పోతయి. ఆఖరికి లాభం దిక్కు అడుగున ఒక మాట రాసిన: అన్న అన్నం తింటడు.

మా ఆయన గా మాట మీద వేలు పెట్టిండు. "గీ డబ్బాతోనే తింటడని నీకెవరు చెప్పిండ్రు?" అన్నడు. కాయితం గుంజుకొని లోపలికి పోయిన.

నాతోటి సదువుకున్న దోస్తు ఒకామె హైదరాబాద్ల పెద్ద సెంటర్ నడుపుతది. గసోంటి పెద్ద డబ్బా ఆమె దగ్గర ఉన్నది. ఎట్లుంటదో అడుగుదామని ఫోన్ చేస్తే, "కొనుడు తర్వాత. నాలుగు రోజులు తీస్కపో, కంప్యూటర్ గూడ తీస్కపో. వాడి చూడు," అన్నది. గంత ఖరీదు సామాను ఎవ్వలిస్తరు? నేనైతె ఇయ్యకపోదును. ఆమె పుణ్యమా అని కారుల వెనక సీటు మీద పసిపిల్లను పండవెట్టినట్టు పెట్టుకొని తెచ్చుకున్న.

ముందుగాల నేనే కట్టుకున్న. పచ్చటి గట్టు మీద నిలవడ్డట్టున్నది. గడ్డిపోచ గడ్డిపోచ వేరుగ కనవడింది. చేతులు ముంగటికి చాపితె నా వేళ్లు పది వేళ్లూ కనవడ్డయి. తియ్యబుద్ధి కాలే. ఇగ కొనుడే అనుకున్న.

తెల్లారి అన్నకు కట్టిన. "అబ్బో," అన్నడు. "గడ్డి మీద నీటిచుక్క సుత కనవడ్తుంది." వదిన మొఖం వెలిగింది. ఆయన ముంగట ఒక బల్ల, దాని మీద ఎర్ర బుగ్గలు. నాకు గూడ కంప్యూటర్ల గదే కనవడ్తున్నది. పట్టుకో అన్న. చెయ్యి నిమ్మళంగ లేచింది, ముంగటికి పోయింది, బొటనవేలు చూపుడువేలు కలిసి రుద్దినయి. అంతే, బుగ్గలు పోయి ఒక పెద్ద పలక తెరుచుకున్నది. గా మిషిన్‌కు రెండు వేళ్లు కలిపితె "సరే, తెరువు" అని అర్థం. మూసిన. మల్ల రుద్దిండు, మల్ల తెరుచుకున్నది. ఇంకోసారి రుద్దేసరికి అక్షరాలన్నీ చీనా భాషలకు మారినయి. "ఏందమ్మా ఇది, దుకాణం షట్టర్ లెక్క లేస్తది, పడ్తది," అన్నడు.

గంటసేపు గిదే పంచాయితి. ఇచ్చింది నాలుగు రోజులకు, ఆర్నెల్లల్ల నాలుగో నెల నడుస్తుంది, నా ఓపిక అయిపోయింది. "రుద్దకు అంటె ఇనవా? చెయ్యి కావాల్నా వద్దా నీకు?" అని మొత్తుకున్న. ఆయన ఎడమ చేత్తో డబ్బా తీసి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.

జవాబు వదిన ఇచ్చింది. గన్ని రోజులల్ల ఆమె నాకు ఎదురు మాట్లాడుడు గదే మొదలు. "డాక్టరమ్మా, తిట్టకుండ్రి. ఆయన గా చెయ్యి ఆపలేడు. ముప్పై ఏండ్లు పాకం సూసిన చెయ్యి."

నాకు సమజ్ కాలే. ఆమే చెప్పింది. పాన్‌ల పాకం మరుగుతుంటె పలుకు కట్టిందా లేదా అని మీటర్లు చెప్తయట. గని ఉత్త మీటర్‌ను నమ్మి దించేటోడు పనోడు కాదట. లోపలి నుంచి చుక్కంత తీసి, అద్దం ముక్క మీద పరిచి చూసి, రెండు వేళ్ల నడుమ రుద్దాలె. పలుకు సమంగున్నదా, ఇంకెంత సేపు ఉంచాలె, అంత వేళ్లే చెప్పాలె. "పెండ్లైన కొత్తల ఇంట్ల ఉప్పు సుత గట్లనే రుద్ది సూస్తుండె. నాకు నవ్వొచ్చేది," అన్నది. అన్న తల వంచుకొనే ఉన్నడు గని పెదవుల మీద నవ్వు వచ్చింది. ఆయన నవ్వుడు నేను అంతకుముందు చూడలే.

నా మీద నాకు గంత కోపం ఎన్నడు రాలే. పక్షవాతమొచ్చిన చేతిల బొటనవేలు తనంతట తాను వచ్చి చూపుడువేలును తాకుతుందంటె దానికి దండం పెట్టాలె. ముద్ద కలిపేది గా వేళ్లు, నోట్లకు తోసేది గా బొటనవేలు. నేను దానికి పట్టీ కట్టిన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు డబ్బాను తప్పువట్టుకుంట తిరిగిన. వదిన గా ఒక్క మాట అనకపోతె ఆర్నెల్లూ గట్లనే కడ్తుంటినేమో. చేతులు జోడించి ఆమెకు మొక్కిన. ఆమె సిగ్గువడి నా చేతులు పట్టుకున్నది. "తప్పైంది అన్నా," అన్న. "పోనీ తియ్యమ్మా," అన్నడు.

"మరి కొత్త డబ్బా ఎట్లున్నదో నిజం చెప్పు," అని అడిగిన.

"కంటికి మంచిగున్నది," అన్నడు. "గని చేతికేం తాకుతలేదు. బుగ్గ పట్టినా పట్టినట్టు లేదు. ఉత్త గాలి."

గప్పుడు యాదికొచ్చింది నాకు. పాత డబ్బా రిమోట్లు బుగ్గ తగిలినప్పుడల్లా గుర్రుమని వణుకుతయి. చార్జింగ్ తాగుతదని నేనే ఎన్నడో గా వణుకును బంద్ చేసి పెట్టిన. పాతదాన్ని బయటికి తీసి, వణుకును ఆఖరి దాకా పెంచి, వదిన సంచిల ఉన్న పాత చీర పేలికతోని రిమోట్‌ను ఆయన రెండు వేళ్ల నడుమకు వచ్చేటట్టు కట్టిన. బుగ్గ వచ్చింది, అదే మసక బుగ్గ. చెయ్యి పోయి తగిలింది. రిమోట్ గుర్రుమన్నది. వేళ్లు దాని మీద బిగుసుకున్నయి.

"గిది," అన్నడు. "గిది తెలుస్తుంది."

ఆ రోజు నేను లెక్క తప్పేదాకా బుగ్గలు పట్టిండు.

నాలుగో రోజు పెద్ద డబ్బాను మా దోస్తుకు అప్పజెప్పొచ్చిన. అది బేకార్ అని నేననను. పాతదాంట్ల చూస్తే తల తిరిగేటోళ్లకు, వేళ్లు మంచిగ ముడుచుకుంట సన్న పని నేర్వాల్సినోళ్లకు గదే మంచిది. ఎన్నడన్న కొంటనేమో. గని దాంట్ల కంటికి అంత దొరుకుతది, చేతికి ఏం దొరకది. గీ సంగతి నా కాయితం మీద ఏ దిక్కూ రాసి లేదు. "నాకు సుత గా వణుకు సంగతి తట్టలే," అన్నది దోస్తు, జర గూడ నారాజ్ కాకుంట. చాయ్ తాగించి పంపింది. ఆమె డబ్బా నా కాడికి రాకపోతె అన్న వేళ్ల సంగతి నాకు తెలుస్తుండెనా? గందుకే ఇప్పటికి ఆమెను తలుసుకుంట.

మరునాటి నుంచి పాత డబ్బా అర్ధగంట, తర్వాత పళ్లెంల చక్కెర. వదిన పొట్లం కట్టుకొని తెచ్చేది. అన్న రెండు వేళ్లతో తీసి, రుద్ది, "తొందరవడి దించిండ్రు, పలుకు సమంగ లేదు," అనేటోడు. మోకాళ్ల నొప్పులకొచ్చే అవ్వలు చూసి చూసి తమ ఇండ్లల్ల చక్కెర గూడ తెచ్చి పరీక్ష చేయించుకునుడు మొదలువెట్టిండ్రు. అందరి చక్కెరకూ వంకనే. చక్కెర అయినంక బియ్యం, బియ్యం అయినంక మెత్తటి అన్నం. కొన్ని రోజులు మంచిగుండె, కొన్ని రోజులు ఏం రాకపోవు. ఒక వారమంత చెయ్యి మొద్దువారినట్టే ఉన్నది, గా వారం నేను ఇంట్ల అందరి మీద అరిచిన. మిగిలిన మూడు వేళ్లు సగమే వచ్చినయి, మణికట్టు ఇప్పటికి పూర్తిగ తిరుగది.

ఆరో నెల దాటినంక ఒక వారంల రెండుసార్లు రాలే. ఫోన్ లేదు, కబురు లేదు. మధ్యాహ్నం నా టిఫిన్ ముంగట పెట్టుకున్న గని తినబుద్ధి కాలే. గింత దాకా తెచ్చి ఇడిచిపెడ్తరా అని, అనాల్సినయన్నీ నోట్ల తయారు చేసుకొని ఫోన్ కొట్టిన. వదిన ఎత్తింది. ఎనక మనుషుల సప్పుడు, గిన్నెల సప్పుడు. మేనకోడలి పిల్లకు తొట్టెల పండుగ చేస్తున్నరట, చుట్టాలంత వచ్చిండ్రట, గందుకే రాలేదట. "ఆయన అందరితోని బంతిల కూసున్నడు. ఆగుండ్రి, ఇస్త," అన్నది.

ఫోన్ ఆయన చెవి కాడ పెట్టినట్టున్నది. నములుతున్న సప్పుడు వచ్చింది.

"అన్నా," అన్న.

"అమ్మా, తింటున్న," అన్నడు, నోటినిండ ముద్దతోని. "చెయ్యి ఖాళీ లేదు. జర సేపాగి మాట్లాడుత."

ఫోన్ బందైంది. తిట్లన్నీ మింగి, టిఫిన్ మూత తీసి, ఏడ్చుకుంట నేను గూడ తిన్న.