దానమిచ్చిన బొమ్మ

ఎనభైల్లో దుబాయిలో, డేరా బజారు ఒడ్డుకు దాటించే అబ్రా పడవలో, నా పక్కనున్న గుజరాతీ సేఠ్ చెప్పులు విడిచి, గుడ్డలోంచి పాత చేతిరాత పుస్తకపు పుట ఒకటి తీశాడు. ఎర్రరంగు మీద బంగారు జినుడి బొమ్మ, కింద చేతులు జోడించిన దంపతులు, వాళ్ల పేర్లు.

“వీళ్లు మా పెద్దలు. పుస్తకం రాయించి, బొమ్మలేయించి జైన గుడికి దానమిచ్చిన్రు. గుడోళ్లే పుటలు విప్పి అమ్ముకున్నరు. ఇది ఇక్కడి బజార్ల కనబడితే కొన్న,” అన్నాడు, హైదరాబాదులో నేర్చిన తెలుగులో.

“మళ్ల గుడికే ఇయ్యరాదుండ్రి, సేఠ్?”

“మళ్ల అమ్ముతరు.”

“ఇంట్ల పెట్టుకోండ్రి.”

“దానమిచ్చింది వాపస్ తీస్కుంటే పాపం.”

“మరేం జేస్తరు?”

“నేను గూడ అమ్ముత.”

పడవ ఒడ్డుకు తగిలింది. పుటను కళ్లకద్దుకుని చుట్టాడు. చెప్పులు తొడుక్కుని, దాన్ని చంకలో ఇరికించుకుని బజారువైపు నడిచాడు.

తర్వాత మా ఊరి గుడికి గంట ఇచ్చాను. దాని మీద నా పేరు చెక్కిస్తామన్నారు. ఏ బజారులోనో నా మనవళ్ల కంటపడుతుందేమోనని వద్దన్నాను.