పదకొండు రాళ్లు

యూనివర్సిటీలకూ కళాభవనాలకూ ప్లాన్లు గీసే హైదరాబాదు కంపెనీ ఒకటి రెండువేల ఆరులో భద్రాచలంలో గది తీసుకుంది. అందులో డ్రాఫ్ట్స్‌మన్ చిరంజీవి, కోయవాడు. ఏ స్థలం కొలవాలన్నా చెప్పులు విప్పి గట్టున పెట్టాకే టేపు పట్టేవాడు. పటంలో చెట్టు గీస్తే పక్కనే దాని చుట్టుకొలత రాసేవాడు. పెన్సిలు గోరంత అయ్యేదాకా పారేసేవాడు కాదు. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పెన్సిలు మొనకేసి చూసేవాడు.

గిరిజన సాంస్కృతిక భవనానికి స్థలం అతని ఊరి పక్కనే దొరికింది. చనిపోయినవాళ్ల కోసం ఊరివాళ్లు నిలబెట్టిన రాళ్లు అక్కడ పదకొండు ఉండేవి. వాటిలో ఒకటి అతని తల్లిది. నిలబెట్టిన రాయిని లోకంలో ఎవరూ ముట్టుకోరని చిరంజీవి నమ్మకం. అందుకే పటంలో 'రాళ్లు' అని మాత్రమే రాశాడు. అది చూసి కాంట్రాక్టరు మామూలు రాళ్లనుకుని, ఒక్క పూటలో వాటితో సహా నేలంతా చదును చేయించాడు. "నువ్వే కొలిస్తివి గదరా," అంది మేనత్త జంపక్క. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. నెల రోజులకు కంపెనీ ఆర్కిటెక్టు సారు వచ్చి, "ముందర వాకిట్ల మీ కోయోళ్లు పెట్టుకునే అసుంటి రాళ్లు గియ్యి. కల్చర్ కనబడాలె," అన్నాడు. చిరంజీవి కొలతలేవీ చూడకుండానే అన్నీ గీశాడు. "పదకొండెందుకయ్యా? ఐదు చాలు." "అవ్ సార్," అన్నాడు. మధ్యాహ్నమంతా ఆ కాగితం ముందే కూర్చున్నాడు. ఊళ్లో ఎవరింటి మనిషిని చెరిపేయగలడు? చివరికి రబ్బరు తీసుకుని, ముందు అమ్మ రాయి మీద పెట్టాడు.