రాగి దండెం

సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడితే, టంకం వేసేటప్పుడు లేచే పొగ కాస్త సాంబ్రాణిలా ముక్కుకు తగులుతుంది. మునిమనవరాలు తన ఫోను చేతికొచ్చేదాకా అటూ ఇటూ తిరుగుతుంటే, నేను ఆ వాసనకు చిత్తూరులోని మా పెరటి గదిలోకి వెళ్లిపోతాను. ఇష్టపడి మాత్రం వెళ్లను.

యుద్ధం రోజులవి. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం ఊరు ఖాళీ చేసినప్పుడు, అక్కడ కాలేజీ చదువుతున్న మా అన్న కూడా ఇంటికి వచ్చేశాడు. ఆ ఎండాకాలంలోనే నేను పెద్దమనిషినయ్యాను. చిమ్మిలి ఉండలు తినిపించి, పసుపు నీళ్లు పోసి, పేరంటాళ్లు పాటలు పాడి వెళ్లిపోయాక, ఆరో తరగతితో నా బడి మాన్పించారు. ఇక వీధి వాకిలి దాటకూడదు, మిద్దె ఎక్కకూడదు. మామిడికాయల బండ్లు మండీకి పోతుంటే పచ్చి సొన వాసన ఇంట్లోకి వచ్చేది గానీ బండ్లు కనిపించేవి కావు. తొక్కుడుబిళ్ల ఆడే నా జతగత్తెల అరుపులు వినపడేవి గానీ వాళ్లు కనిపించేవారు కాదు. నెలకు మూడు రోజులు ఆ ఇల్లు కూడా ఉండేది కాదు. పెరట్లో గోడవార చిన్న గది, చాప, చెంబు, అంతే.

ఊరికే కూర్చోవడం అన్నకు చేతకాదు. మద్రాసు మూర్‌మార్కెట్లో కొన్న హెడ్‌ఫోను, మెరిసే సీసపు రాయి ముక్క, అట్ట గొట్టానికి చుట్టిన తీగె, వీటితో కరెంటు లేకుండా పలికే రేడియో చేశాడు. లైసెన్సు లేని రేడియో ఇంట్లో ఉంటే నేరం, మా నాయనకేమో బిళ్ల బంట్రోతును చూసినా వణుకు. అందుకని అన్న దాన్ని ఎవరూ తొక్కని నా గదిలోనే టంకం వేసి అతికి, అక్కడే పెట్టి, గాలిలోని మాటలు పట్టడానికి పెరటికి అడ్డంగా ఎత్తున లాగిన రాగి తీగెను అవ్వ మడిచీర ఆరేసుకునే దండెమని వీధంతా చెప్పాడు. అవ్వ మురిసిపోయింది. రాగి శుద్ధమైనది, పైగా ఎవరి చెయ్యీ అందదు. రోజూ తడిచీరను కర్రతో ఎత్తి దాని మీద పరిచేది.

మధ్యాహ్నం పూట మద్రాసు నుంచి బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. ఏడో తరగతివి. దోమ రొదంత సన్నని ఆడగొంతు. ఊపిరి బిగబట్టి వినాలి. గదిలో ఉండాల్సిన రోజుల్లోనే కాదు, మిగతా రోజుల్లోనూ వంటపని తప్పించుకుని అక్కడికే పరిగెత్తేదాన్ని. నాకు బడి మళ్లీ దొరికిందని ఎవరికీ చెప్పకుండా గర్వపడేదాన్ని.

కొన్ని రోజులు మాత్రం ఆ గొంతు బొత్తిగా వినపడేది కాదు. ఎందుకో కనిపెడతానని అన్న ఒక మధ్యాహ్నం పెరట్లోకి వచ్చి చూస్తే, తడిచీర కొస గోడకు తగులుతోంది, తీగె పట్టిన మాట ఆ తడి వెంట గోడలోకి పోతోంది. దాన్ని పక్కకు తప్పించగానే నా చెవుల్లో మాట పలికింది, వినపడిందని అరిచాను, ఆ కేకకు అవ్వ పెరట్లోకి వచ్చింది.

"అవ్వా, ఇంక దీని మీద సీర ఎయ్యొద్దు. సెల్లికి పాఠం ఇనపడల్లేదు," అన్నాడు.

"నా సీరకూ దాని పాఠానికీ ఏం సంబందంరా?"

"అంతా ఒకటే తీగె అవ్వా. ఈడ తగిలింది ఆడ దాని సెవిదాకా పోతాది."

అన్న ముఖంలో వెలుగు గది గడప దగ్గరనుంచి నాకు కనిపిస్తోంది. అవ్వ తీగెను చివరిదాకా చూసింది. ఆ మూడు రోజుల్లో అదొకటి, నేను బయట ఉన్నాను.

"అట్లయితే ఆడ అది ముట్టుకుంటే, ఆ మైల నా సీరదాకా వస్తాది గదా," అనింది.

ఇన్నాళ్లూ ఆ చీరలతోనే అవ్వ దేవుడికి నైవేద్యం పెట్టింది. ఆమె తిట్టలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయన వచ్చి సంగతి విని, తీగె తెంచమని అన్న చేతికే పట్టకారు ఇచ్చాడు. వెళ్లి అడ్డం పడదామంటే నేను ఎవరినీ తాకకూడదు. చెవుల్లో ఆ టీచరు గోదావరి గురించి చెబుతూనే ఉంది, వాక్యం సగంలో పోయింది. గదిలో పడి ఏడ్చాను. దగ్గరికొచ్చి తల నిమరడానికి కూడా ఎవరికీ వీల్లేదు.

ఇప్పుడు ఆ గది లేదు, మడి లేదు, మైల లేదు. మునిమనవరాలు ఏ రోజైనా సరే శ్రీ సిటీ బస్సెక్కి ఫ్యాక్టరీకి పోతుంది. తీగె ఒకటేనన్నాక అవ్వ అన్నది తప్పని నేను ఇప్పటికీ చెప్పలేను. అయినా కడుపుమంట ఆరలేదు.

"అవ్వా, నువ్వు ఎంతవరకు సదివినావు?" అని ఆ పిల్ల అప్పుడప్పుడు అడుగుతుంది.

"ఆరు సదివినాను. ఏడు సగం ఇన్నాను," అంటాను.

తమాషాకు అన్నాననుకుని నవ్వుతుంది.