ఖాళీ కొట్టుకు కట్టిన బీమా

పెకలోంగాన్ ఊళ్ళో పాత బజారు ఒకసారి నిలువునా కాలిపోయింది. ఆ ఏడాదే బట్టల వ్యాపారి వుర్యానీ తన కొట్టుకు బీమా చేయించింది. ఆ తర్వాత పండక్కి కొత్తబట్టలు మరిచిందేమో గానీ, బీమా కట్టడం ఒక్క ఏడూ మరవలేదు. నిప్పంటే అంత హడలు ఆవిడకి.

ఇంతలో కాలం తిరిగింది. కొనేవాళ్ళు బజారుకు రావడం మానేసి ఫోన్లోనే బేరాలాడుతున్నారు. వుర్యానీ ఏం తక్కువ తిందా? ఇంటి ముందుగదిలో పెద్ద దీపాలు పెట్టించి, ఫోను ముందు, మైనంతో గీసి రంగులద్దిన బాటిక్ బట్టలు విప్పి చూపిస్తూ, వాళ్ళనీ వీళ్ళనీ ఆటపట్టిస్తూ అమ్మడం మొదలెట్టింది. సరుకంతా ఇంటికి చేరింది. కొట్టుకు తాళం పడింది.

మొన్న మధ్యాహ్నం ఆ దీపాల తీగే అంటుకుంది. వుర్యానీ పక్కవీధిలో పార్సిళ్ళు ఇచ్చి వచ్చేసరికి ముందుగది బూడిద. వీధంతా ఎంబా అని పిలుచుకునే ముసలి అవ్వ తుమీరా ఎనిమిది నెలలు మైనంతో గీసిన బట్ట కూడా అందులోనే పోయింది. చూపు ఆనడం లేదు, ఇదే ఆఖరిదని ఇచ్చింది పాపం. “దిగులెందుకు ఎంబా, బీమా ఉందిగా” అని వుర్యానీ, అవ్వ ఇంటికెళ్ళి ఆ బట్ట అందుకుంటూ మాటిచ్చింది.

ఈ పొద్దున బీమా మనిషి ప్రిహాది వచ్చి, బూడిదంతా చూసి, కాగితం తీశాడు.

“బు వుర్యానీ,” అన్నాడు మర్యాదగా, “ఇది బజారు కొట్టులో సరుక్కి. కొట్టుకేమీ కాలేదు. ఇంటికి మీరేం రాయించుకోలేదు.”

వుర్యానీకి మతిపోయింది. “ఇన్నేళ్ళు కట్టించుకున్నారే, పాక్ ప్రిహాది. ఒక్కమాట చెప్పొద్దా?”

“నిరుడు ఫోన్‌ చేసి అడిగాను కదా, వ్యాపారంలో మార్పులేమైనా ఉన్నాయా అని. మీరేమన్నారో గుర్తుందా?”

గుర్తుంది. ఇదే గదిలో, ఇవే దీపాల ముందు, నడుము దాకా పేర్చిన సరుకు మధ్య నిలబడి నవ్వింది. “మార్పేముంటుంది పాక్, అదే బట్ట, అదే నేను” అంది. అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకుంది.

వుర్యానీ గడపమీదే కూర్చుంది. అప్పుడే తుమీరా తడుముకుంటూ వచ్చి, పక్కన కూర్చుని వీపు నిమిరింది.

“నీకేం కాలేదు, అదే చాలు తల్లీ. నా బట్టకేం బెంగపడకు. అది కొట్టులో ఉందిగా, బతికిపోయింది.”

ప్రిహాది తల దించుకున్నాడు.

“కొట్టులో ఏమీ లేదు ఎంబా” అంది వుర్యానీ. “రెండేళ్ళుగా ఖాళీ.”

వీపు మీద చెయ్యి ఆగిపోయింది.