నీళ్ళడిగిన రోజు

మా మనవరాలి ఇంగ్లీషు టీచరు మే ఏడో తేదీ నుంచి ఒక చావును తీసేసింది. దాని మీద ఎర్రగీత గీసి, పక్కన జర్మనులో రాసింది: ఇది బ్రిటిష్ చరిత్ర కాదు, భారతదేశ చరిత్ర.

కరోనా మొదటి వేసవి అది. మూడు నెలలకని మా అమ్మాయి దగ్గరికి వచ్చి, విమానాలు ఆగిపోయి, స్టుట్‌గార్ట్ పక్కన ఎస్-బాన్ లోకల్ రైళ్ళు ఖాళీగా తిరిగే చిన్న ఊళ్ళో ఉండిపోయాను. బళ్ళు మూసేశారు. పిల్లలు ఇంట్లోనే రాసి, ఆ కాగితాలు బడి గేటు దగ్గరి డబ్బాలో వేసి రావాలి. ఆ వారం ఇచ్చిన పని, ఎవరి పుట్టినరోజున బ్రిటిష్ చరిత్రలో ఏం జరిగిందో వాళ్ళు వెతికి రాయడం. మనవరాలు పుట్టింది మే ఏడున.

పిల్ల రెండు సంగతులు పట్టుకొచ్చింది. 1915లో జర్మన్ జలాంతర్గామి ఇంగ్లీషువాళ్ళ ప్రయాణికుల ఓడను ముంచింది. 1945లో జర్మనీ లొంగిపోతూ సంతకం పెట్టింది. మూడోది నేను చెప్పి రాయించాను. 1924లో, మన్యంలో పితూరీ నడిపిన యువకుణ్ణి, విచారణన్నది లేకుండా, కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టి కాల్చారు.

తుపాకీ వాళ్ళది. హుకుం వాళ్ళది. దొర వాళ్ళవాడు. చెట్టొక్కటే మాది. అయినా అది మా చరిత్రట!

"ఊరుకోండి నాన్నా," అంది మా అమ్మాయి, లాప్‌టాప్ మీంచి తల తిప్పకుండానే. "టీచర్‌తో పెట్టుకుంటే పిల్లకి మార్కులు పోతాయి."

"పోతే పోనీ. మూడో ఫారంతో బడి మానేసినవాణ్ణి. మార్కుల్లేకుండానే బతికాను."

"అందుకని నా పిల్ల మార్కుల మీద పడ్డారా?"

మనవరాలు చెవుల్లోంచి హెడ్‌ఫోన్ ఒకవైపు లాగి, "ఎగాల్, తాతా," అంది. ఏదైతేనేం, వదిలెయ్ అని.

వదలడం నా చేతుల్లో లేదు. నన్ను పెంచింది మా మామ్మ. కొయ్యూరుకి కూతవేటు దూరంలో కొత్తకోడలిగా ఉందప్పుడు. ఆ వైశాఖంలో పోలీసులు ఊళ్ళమ్మట తిరుగుతుంటే అందరూ తలుపులు బిడాయించుకుని కూర్చున్నారట. బయట ఎవరో నీళ్ళడిగారు. మెల్లగా అడిగి, కాస్త ఆగి, మళ్ళీ అడిగారు. మామ్మ గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. తర్వాత తుపాకీ మోగింది. అడిగింది ఖైదీయో, ఖైదీని నడిపించుకుపోతున్న జవానో, దారినపోయే బాటసారో, చచ్చేదాకా ఆవిడకి తెలియలేదు.

నాకు ఊహ తెలిసినప్పట్నించీ చూశాను. అక్షయ తదియ వెళ్ళిందంటే ఒక సాయంత్రం అరుగు మీద ఇత్తడి చెంబుతో నీళ్ళు పెట్టేది. ఆ పూట తలుపుకి గడియ వేయనిచ్చేది కాదు.

"ఎవరికే మామ్మా?" అంటే, "నీళ్ళడిగినాడ్రా ఎవుడో. నాను తలుపు తియ్యనేదు. ఆడు మళ్ళీ వత్తే?" అనేది.

ఆవిడకి తెలిసింది తిథే. అది మే ఏడు అని, తర్వాతెప్పుడో నర్సీపట్నం కలప డిపోలో పనిచేస్తూ, శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదువుకుని నేను తెలుసుకున్నాను. తిథి ఏటేటా జరుగుతుంది. తేదీ మేకులా దిగబడి ఉంటుంది. మనవరాలు ఆ తేదీనే పుట్టిందని జర్మనీ నుంచి ఫోనొచ్చినప్పుడు, చేతిలోకి తీసుకున్న మిఠాయి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎర్రగీత చూసినప్పుడు నాకు గడియ పడిన చప్పుడు వినబడింది.

డిక్షనరీ ముందేసుకుని టీచరుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. తుపాకీ ఎవరిదో రాశాను. తలుపు సంగతీ, చెంబు సంగతీ కూడా రాసి, ఎర్రగీత పడ్డ కాగితాన్ని దానికి జతచేశాను. పోస్టు చెయ్యనంది అమ్మాయి. మాస్కు కట్టుకుని నేనే పోతానన్నాను. విసుక్కుంటూ స్టాంపు అంటించింది.

మే ఏడు సాయంత్రం బాల్కనీలో స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టాను. ఇత్తడి చెంబు ఎక్కడ దొరుకుతుందక్కడ! పిల్ల వచ్చి పక్కన నిలబడితే, మామ్మ తలుపు సంగతి చెప్పాను.

"ఆయన జర్మనీ దాకా ఎలా వస్తాడు తాతా?"

"నేను రాలా?"

"నువ్వు ఫ్లైట్‌లో వచ్చావ్."

నవ్వాను. చలికి తట్టుకోలేక బాల్కనీ తలుపు నేనే గట్టిగా వేసి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి అది బార్లా తెరిచి ఉంది. ఇల్లంతా చల్లగా ఉంది. పిల్లని అడగలేదు. తను కాదంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

వేసవి సెలవులు దగ్గరపడ్డాక జవాబు వచ్చింది. చేతిరాత, పొందికైన ఇంగ్లీషు. పూర్తిగా ఇంతే:

"అయ్యా, మీరన్నది సరైనది. సిరాతో గీసిన గీత చెరపలేను గానీ, దాని కింద 'ఇది బ్రిటిష్ చరిత్రే' అని రాసి సంతకం పెట్టాను. యుద్ధం చివరి వసంతంలో నాజీ శిబిరాల ఖైదీలను మా అమ్మమ్మ ఊరి మీదుగా నడిపించుకుపోయారు. వాళ్ళూ నీళ్ళడిగారు. ఆవిడా తలుపు తియ్యలేదు. వాళ్ళు ఏ రోజున వెళ్ళారో ఊళ్ళో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తేదీ తెలియనివాళ్ళు ఏ సాయంత్రం నీళ్ళు పెట్టాలో మీ మామ్మ ఏమైనా చెప్పారా?"