లోహం పక్కన లోహం కూర్చోకూడదు

మా మేడమీద అద్దెకుండే ఫణికుమార్ ఎవరినీ కూర్చున్నచోట కూర్చోనివ్వడు. ఈ సంగతి మా పేట మిడిల్ పాయింట్‌లో కుక్కలకి కూడా తెలుసు. అతను వీధిలోకి వస్తే అవే లేచి చోటు మారతాయి.

కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. తక్కిన వేళల్లో ఏదో పరిశోధన. అదేమిటో తెలియకపోతే నాకు అన్నం సహించదు. ఓ రోజు పకోడీల పళ్ళెంతో మేడెక్కాను. కంప్యూటర్ తెరమీద ఎర్రబంతులూ పచ్చబంతులూ తిరుగుతున్నాయి.

"మెగ్నీషియంలాంటి లోహం పరమాణువులు కొన్ని, ఆక్సిజన్‌వి కొన్ని. ఎలా పేరిస్తే స్థిమితంగా ఉంటాయో లెక్క కడుతున్నాను పిన్నీ."

"ఉంగరంలా బాగానే కూర్చున్నాయి కదా?"

"బాగున్నట్టే ఉంటుంది. కుదిపి మళ్ళీ పేరిస్తే ఇంకా బాగుండేది దొరకొచ్చు."

"కంటికి కనబడతాయా?"

"అబ్బే!"

"కనబడనివాటికి కుర్చీలు వేస్తే జీతమిస్తారా నాయనా!"

ఈ మాటల్లోనే నన్ను స్టూలు మీంచి మంచం మీదికి మార్చాడు.

అతని లెక్కలో మనుషులు రెండే రకాలు. చిటపటలాడేవాళ్ళు లోహం, సర్దుకుపోయేవాళ్ళు ఆక్సిజన్. లోహాలు రెండు పక్కపక్కన ఉంటే నెట్టుకుంటాయట, మధ్యలో ఆక్సిజన్ ఉండాలట. ఎదురింటి బేబీరాణి ముచ్చటపడి, "మాస్టర్‌జీ, నేనేంటి?" అని అడిగింది. "లోహం" అన్నాడు. వారం రోజులు అతనితో మాట్లాడలేదు. "చూశారా పిన్నీ, రుజువైంది!" అని సంబరపడ్డాడు.

ఇంతలో మా వీధి తవిటమ్మ కూతురు చిట్టితల్లి నిశ్చితార్థం వచ్చింది. పెళ్ళికొడుకు వీరేంద్రని ఆ పిల్లే కోరి, ఇంట్లోవాళ్ళని ఒప్పించుకుంది. చిక్కంతా పెద్దవాళ్ళతో. పిల్ల మేనమామ జోగులుకీ, పెళ్ళికొడుకు తండ్రి లోకనాథానికీ జంగ్లీఘాట్‌లో పడవ కట్టేచోట తగువై మాటల్లేవు. "జోగులు ఒక్కమాట తూలినా తాంబూలాలు పుచ్చుకోకుండా లేచిపోతా" అని లోకనాథం ముందే చెప్పాడు.

"ఓలమ్మా, బోయినాల కాడ ఏటవుద్దో!" అని తవిటమ్మ నా చెయ్యి వదల్లేదు.

గోల్ ఘర్ హాల్లో విస్తళ్ళు వేశారో లేదో, ఫణికుమార్ మొదలుపెట్టాడు. మీరిటు, మీరటు. మూడుసార్లు బంతంతా లేచి కూర్చుంది.

"అరే భయ్యా, బైఠ్‌నే దో! కూకోనీ, పులుసు సల్లారిపోతంది!" అని బంతిలోంచి ఎవరో కేకేశారు.

చివరికి చూద్దునుకదా, జోగులుకీ లోకనాథానికీ మధ్య ఒక్క కుర్చీయే ఖాళీ. అందులో ఫణికుమారే కూర్చున్నాడు. చేపని చూస్తేనే దూరం జరిగే మనిషి, అటూ ఇటూ చేపల పులుసే!

కూర్చుని మెగ్నీషియం పాఠం మొదలుపెట్టాడు. కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు. పప్పులో మెగ్నీషియం, పులుసులో మెగ్నీషియం. పెరుగొచ్చినా ఆపలేదు. జోగులు ఓర్చుకున్నాడు. లోకనాథమూ ఓర్చుకున్నాడు. ఆఖరికి జోగులు అతని తలమీదుగా తొంగిచూసి, "బావా, నీకేటైనా అర్దమౌతందేటి?" అన్నాడు.

లోకనాథానికి పొలమారింది. "మా పడవ ఇంజనైనా మద్దిలో ఆగుద్దిరా!"

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. జోగులు ఫణికుమార్ విస్తరిమీదుగా చెయ్యి చాపి వంజరం చేపముక్క బావకి వడ్డించాడు. పులుసు చుక్కలు మాస్టారి పెరుగన్నంలో పడ్డాయి. ఆ వెంటనే తాంబూలాలు మార్చుకున్నారు. చిట్టితల్లి మొహం చూడాలి!

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దులిపేశాను. "బుద్ధుందా? విసిగి లేచిపోతే పిల్ల గతేంటి?"

వాగి వాగి అతని గొంతు బొంగురుపోయింది. "రోజూ అంత మాట్లాడతానా పిన్నీ? ఇద్దరికీ ఉమ్మడిగా ఓ విసుగు దొరికితే కలుస్తారనుకున్నాను."

"కలవకపోతేనో?"

"ఇంకా జింక్ ఉంది కదా!" అన్నాడు.